మే నెల దాకా ఆగండి

మా ఇంటి ముందు ఒకప్పుడు రెండు చెట్లుండేవి. ఇప్పుడు ఒకటే ఉంది. రెండోదాన్ని నేనే చంపాను. అదీ బతికున్న చెట్టుని, చచ్చిపోయిందనుకుని, డబ్బులిచ్చి మరీ.

ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి మా వీధిలో రంపాల చప్పుడు మొదలవుతుంది. అది వినగానే నాకు ఆ చెట్టు గుర్తొస్తుంది. "ఈసారి ఎలాగైనా రాయాలి" అనుకుంటూనే కొన్ని ఫిబ్రవరులు దాటించేశాను. నేను వృక్షశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. చదివింది కంప్యూటర్లు, చేసేది కన్సల్టింగు. కాబట్టి ఇందులో పాండిత్యం వెతక్కండి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడి మాటలనుకోండి. ఆకుల గురించే కాబట్టి సామెత కూడా సరిగ్గా సరిపోయింది.

మేం డాలస్‌కి ఉత్తరాన ఒక సబర్బులో 2019లో ఇల్లు కొనుక్కున్నాం. ఇంటితో పాటు వచ్చిన ఆస్తి, గుమ్మానికి అటొకటీ ఇటొకటీ ఉన్న క్రేప్ మర్టిల్ చెట్లు. టెక్సస్‌లోనూ దక్షిణాది రాష్ట్రాల్లోనూ ఉన్నవాళ్ళకి ఈ చెట్టుని పరిచయం చెయ్యక్కర్లేదు. ఏ షాపింగ్ సెంటరు ముందు చూసినా ఇదే. మిగతావాళ్ళ కోసం చెబుతున్నా: ఇది మన గోరింటాకు కుటుంబానిదే. ఆసియా నుంచి ఇక్కడికి వలసొచ్చింది, మనలాగే. మా ములుగు వైపు అడవుల్లో చెన్నంగి అని ఒక చెట్టుంటుంది, దానికి ఇది చెల్లెలి వరస. బెరడు జామచెట్టు కాండంలా నున్నగా ఉంటుంది. వేసవిలో మిగతా మొక్కలన్నీ ఎండకి సోలిపోయి ఉంటే, ఇది మాత్రం గుత్తులు గుత్తులుగా విరగబూస్తుంది. మా ఆవిడది తెనాలి. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు వంటగదిలోకి అడుగుపెట్టక ముందే, ఈ చెట్లని చూసి "ఈ ఇల్లే తీసుకుందామండీ" అంది. వంటగది ఎంత ఇరుకో చేరాక గానీ తెలీలేదనుకోండి, అది వేరే సంగతి.

సరే, 2021 ఫిబ్రవరికి వద్దాం. ఇక్కడ ఉన్నవాళ్ళెవరూ మర్చిపోలేని వారం అది. ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో మైనస్ 19 డిగ్రీలు. రాష్ట్రంలో లక్షలాది ఇళ్ళకి కరెంటు పోయింది. మాకు రెండు రోజులు లేదు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని, గ్యాసు పొయ్యి మీద ఉప్మా చేసుకుని, పిల్లని మధ్యలో పడుకోబెట్టుకుని గడిపాం. కిటికీ పక్క కుండీలో ఉన్న కరివేపాకు మొక్క గురించి ఆలోచించే తీరిక ఎవరికుంది? మూడో రోజుకి దాని ఆకులన్నీ నల్లబడి రాలిపోయాయి.

మార్చి వచ్చింది. పచ్చిక పచ్చబడింది. రోడ్డు చివర పియర్ చెట్లు ఎప్పట్లాగే తెల్లగా పూశాయి. ఏప్రిల్ వచ్చింది. మా క్రేప్ మర్టిల్‌లు మాత్రం కట్టెల్లా నిలబడి ఉన్నాయి. కొమ్మ వంచితే ఫట్మని విరిగింది. ఏప్రిల్ మధ్యలో మా కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, చచ్చిపోయిన చెట్లని 30 రోజుల్లోగా తీయించమని. అలాంటి ఉత్తరం అందుకున్నవాళ్ళకి తెలుసు, పన్ను నోటీసు కన్నా ఎక్కువ భయమేస్తుంది. మా పచ్చిక కోసే అతను వచ్చి చూసి, "రెండూ పోయాయి, రెండూ కలిపి తీయిస్తే తగ్గించి చేస్తా" అన్నాడు. ఒకేసారి అంత డబ్బెందుకని, ముందు డ్రైవ్‌వే పక్కదాన్ని తీసేయమన్నాను. అతను గంటన్నరలో చెట్టు కొట్టేసి, మొదలు కూడా మిషనుతో పిండిపిండి చేసి వెళ్ళిపోయాడు. రెండోది నిలిచింది నా జ్ఞానం వల్ల కాదండీ, పిసినారితనం వల్ల.

ఆ వారాంతం బాపుకి ఫోన్ చేసినప్పుడు మాటల్లో ఈ సంగతి చెప్పాను. మా బాపు ములుగు దగ్గర ఓ ఊళ్ళో వ్యవసాయం చేసేవాడు. ఎండాకాలం వస్తే తునికాకు కల్లం దగ్గర లెక్కలు రాసేవాడు.

"సచ్చిపోయిందని నీకెవలు చెప్పిన్రురా?" అన్నాడు.

"గడ్డి కోసేటాయన చెప్పిండు బాపూ."

"ఆయనకేం ఎరుక? మొదలుకాడ గోటితోని గీకి సూసినవా?"

"లేదు."

"ఇంకా ఎండలే ముదరలేదంటివి. ఎండ ముదరకుండ మోడు ఎట్ల ఇగురు పెడ్తదిరా?"

ఫోన్ చేతిలో పట్టుకునే బయటికెళ్ళి గీకాను. పైన కొమ్మల్లో ఎక్కడ గీకినా గోధుమ రంగే. కిందికొస్తూ వస్తూ, నేలకి జానెడు ఎత్తులో గీకితే సన్నగా పచ్చటి పొర కనిపించింది. సంఘం వాళ్ళకి జూన్ ఆఖరు దాకా గడువు కావాలని ఈమెయిల్ రాశాను. గడువిచ్చారు. అడిగితే ఇస్తారని అప్పుడే తెలిసింది. మే రెండో వారంలో ఒకరోజు పొద్దున్నే పేపరు తీసుకుందామని బయటికెళితే, మొదలు చుట్టూ ఎర్రగా, మావిడి చిగురు రంగులో, డజను పైగా మొగ్గలు కనిపించాయి.

సంతోషం ఒక వారమే ఉంది. తరవాతి వారం డ్రైవ్‌వే పక్కన, చెట్టు తీయించిన చోట, పచ్చికలో అదే ఎరుపు కనిపించింది. మొదలుని పిండి చేసినా మిగిలిన వేళ్ళలోంచి అక్కడొకటీ అక్కడొకటీ పైకొచ్చాయి. అంటే అది కూడా బతికే ఉంది. ఇప్పుడు చెట్టుగా పెంచుదామంటే పచ్చిక మధ్యలో ఏడెనిమిది చోట్ల చెదురుమదురుగా ఉన్నాయి. ఏం చెయ్యాలో నేను తేల్చుకునేలోపే శుక్రవారం కోత మిషను వచ్చి అన్నిట్నీ తీసేసింది. పై వారం మళ్ళీ వచ్చాయి. మళ్ళీ కోశారు. వచ్చిన ప్రతిసారీ ఆకులు కాస్త చిన్నవీ, కొమ్మలు కాస్త సన్ననివీ. వేసవంతా ఇదే తంతు. రెండో ఏడు రెండు మూడు వచ్చాయి. మూడో ఏడు ఏమీ రాలేదు.

దీని మీద నేను చదివి తెలుసుకున్నది చెబుతాను. మన వాదన అంతా దీని మీదే నిలబడుతుంది.

ఆకులున్న చెట్టు ఎండలో వండుకున్నదాంట్లో కొంత తినేసి, మిగిలింది పిండిపదార్థంగా మార్చి వేళ్ళలోనూ కాండం అడుగునా దాచుకుంటుంది. దాన్ని గాదె అనుకోండి. ఆకు రాలే కాలానికల్లా గాదె నిండుతుంది. చలికాలమంతా చెట్టు అందులోంచి కొంచెం కొంచెం తీసుకుంటూ బతుకుతుంది. వసంతం రాగానే గాదె తలుపు బార్లా తీసి, కొత్త ఆకుల కోసం ఉన్నదంతా ఖర్చు పెడుతుంది. ఆ ఆకులు విచ్చుకుని, తామే వండటం మొదలుపెట్టే వరకూ రాబడి ఉండదు, ఖర్చే. కాబట్టి కొత్తాకు పూర్తిగా విచ్చుకున్న సమయంలోనే గాదె దాదాపు ఖాళీగా ఉంటుంది. చూసేవాడికి చెట్టు అప్పుడే మహా బలంగా కనిపిస్తుంది. ఉన్న డబ్బంతా ఇంటికి డౌన్ పేమెంట్ కట్టేసి గృహప్రవేశం ఫోటోలో నవ్వుతున్నవాడిలాగ.

ఇదే చెట్టుని చలికాలం చివర్లో, నిండు గాదెతో ఉన్నప్పుడు కొట్టారనుకోండి. కొమ్మ చివరి మొగ్గల నుంచి కిందికి దిగే ఒక రసాయనం, అడుగున బెరడు కింద నిద్రపోయే మొగ్గల్ని అణచి ఉంచుతుంది. కొమ్మ పోతే ఆ అదుపు పోతుంది. పెద్ద చెట్టుకి సరిపోయే వేళ్ళు, నిండు గాదె, తినేవాళ్ళు మాత్రం కొద్దిమంది పిల్లకొమ్మలు. అందుకే మోడు నుంచి వచ్చే చిగురు అంత దూకుడుగా ఎదుగుతుంది. అదే మోడుని మే నెలలో, అప్పుడే ఆకు విప్పాక కొడితే? అది ఖాళీ గాదెతో మళ్ళీ సంసారం మొదలెట్టాలి. వారం వారం కొడితే చివరికి చస్తుంది. చేలల్లో పొదల్ని వదిలించుకోవాలనుకునేవాళ్ళు కావాలనే అలా చేస్తారు. నేను కావాలని చెయ్యలేదు, అంతే తేడా.

అయితే మొగ్గ లేచినంత మాత్రాన ఆకు రాదు. ఎప్పుడు రావాలో చెప్పేది వాతావరణం. చలిదేశపు చెట్లకి రెండు తాళాలుంటాయి. మొదటిది, తగినంత చలి గడవాలి. రెండోది, ఆ తరవాత తగినంత వెచ్చదనం పోగవ్వాలి. పగటి పొడుగు కూడా కొన్నిటికి లెక్కే. ఈ రెండో తాళం దగ్గరే చెట్లు మోసపోతుంటాయి. 2007లో అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో మార్చి నెల మరీ వెచ్చగా గడిచింది. చెట్లన్నీ ముందే ఆకేశాయి. ఏప్రిల్ మొదటి వారంలో గడ్డకట్టే చలి వచ్చి ఆ లేతాకునంతా మాడ్చేసింది. చాలా చెట్లు గాదెలో మిగిలినదాన్ని ఊడ్చి రెండోసారి ఆకు వెయ్యాల్సొచ్చింది. ఆ లెక్కన, ఆలస్యంగా ఆకేసే చెట్టు బద్ధకపుదేం కాదు. ఏప్రిల్లో మోడుగా ఉన్నదాన్ని చచ్చిందని తేల్చేసినవాడే తెలివితక్కువవాడు. అంటే నేను.

మోడు చిగురు విషయంలో ఇంకో మెలిక ఉంది. పైన కొమ్మలు చలికి పోయినా, మట్టి దుప్పటిలా కప్పి ఉంటుంది కాబట్టి వేళ్ళు బతుకుతాయి. కానీ కొమ్మ మీద తయారుగా ఉన్న మొగ్గ విప్పుకోవడం వేరు, ముసలి బెరడు కింద నిద్రపోతున్న మొగ్గ లేచి బెరడు చీల్చుకుని రావడం వేరు. దీనికి ఎక్కువ రోజులు పడుతుంది. నేల కూడా వేడెక్కాలి. గాలి వేడెక్కినంత తొందరగా నేల వేడెక్కదు. అందుకే పక్కింటి చెట్టు పచ్చబడ్డాక నెలకో, నెలన్నరకో గానీ మోడు కదలదు. ఆ 2021 వసంతంలో టెక్సస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ వాళ్ళు కూడా ఆగి చూడమనే మొత్తుకున్నారు. వాళ్ళ మాట ఎవడు చదివాడు? మనకి పచ్చిక కోసే అతనే ప్రమాణం.

నాకు సిగ్గేసిందెక్కడంటే, ఇదంతా నేను పుస్తకాల్లో వెతుక్కోవాల్సిన విషయం కాదు. మా ఇంట్లో ఉన్నదే. నా చిన్నప్పుడు మా ఇంటి ఫీజులు కొంత తునికాకు మీదే గడిచాయి. ఆకు అంటే బీడీలు చుట్టే ఆకు. అది చెట్టుకి దానంతటదే కాసేది అనుకుంటారు చాలామంది. కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పాతాకు రాలే వేళ, అడవిలో తునికి పొదల్ని నేల మట్టానికి కొట్టేస్తారు. కొమ్మ కొట్టుడు అంటారు. ఇప్పుడు పేపర్లో ప్రూనింగ్ అని రాస్తున్నారు. నలభై, నలభై అయిదు రోజుల్లో, చుక్క వాన లేకుండా, ఎండలు మండిపోతుండగా, ఆ మోడుల నుంచి ఎర్రటి చిగురొచ్చి, వెడల్పుగా, పలచగా, మెత్తగా ఆకు తయారవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కోస్తారు. తెల్లవారకముందే అడవికెళ్ళి, కోసుకొచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లంలో అప్పజెప్పాలి. కట్టకి 50 ఆకులు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు, అంటే 50 వేల ఆకులు. నేను లెక్కలు నేర్చుకున్నది ఆ కట్టల మీదే.

వాన లేకుండా ఆకెలా వస్తుందని నేనూ ఇప్పుడే ఆలోచించాను. ఇక్కడ చెట్లకి చలి ఎలాగో, అక్కడి చెట్లకి కరువు అలాగ. ఆకు రాల్చేసి నీటి ఖర్చు ఆపుకుంటాయి. ఖర్చు ఆగాక లోతు వేళ్ళు తెచ్చిన నీటితో కాండం మళ్ళీ నిండుతుంది. పగళ్ళు పొడుగవుతున్నాయి. వాన పడేసరికి ఆకు సిద్ధంగా ఉంటే వానాకాలం మొదటి రోజు నుంచే గాదె నింపుకోవచ్చు. ఉగాదికి రావిచెట్టు ఎర్రగా మెరిసేదీ, వేప కొత్తాకు తొడిగేదీ ఇందుకే. మనం దాన్ని పండగ చేసుకున్నాం, తునికాకు వాళ్ళు కూలి చేసుకున్నారు. లెక్క ఒకటే.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో కూడా మా ఊరికి తెలుసు. నెల ఆలస్యంగా కొడితే ఆకు ముదిరేలోపు తొలకరి వచ్చేస్తుంది. లేతాకు మీద వడగళ్ళు పడితే చిల్లులు పడి కట్టకి పనికిరాదు. కల్లంలో ఆరబోసినాక వాన పడితే మచ్చలొస్తాయి. 2023 మార్చిలో తెలంగాణలో వడగళ్ళ వానలు పడ్డప్పుడు టీవీల్లో మొక్కజొన్నా, మిర్చీ, మావిడీ చూపించారు, చూపించాల్సిందే. అప్పుడే ఇగురు పెడుతున్న తునికి పొదల్ని ఎవరూ చూపించలేదు. ఏడాదిలో ఒక్క నలభై రోజుల వాతావరణం మీద నడిచే ఇళ్ళు అవి. ఫోన్లో బాపు అన్న మాట ఒకటే: "ఈయేడు కట్ట సగానికి సగం పారేసుడే."

ఇంత తెలిసిన ఇంట్లో పుట్టి, ఏప్రిల్లో మోడుని చూసి చచ్చిందనుకున్నాను చూడండి. చదువుకున్నది ఎక్కువై కాదు, ఊరి తెలివి ఊళ్ళోనే చెల్లుతుందనుకోవడం వల్ల.

ఇక బతికిన చెట్టు సంగతి. 2021 వేసవి ముగిసేసరికి నా నడుము దాటింది. ఆకులు మామూలు క్రేప్ మర్టిల్ ఆకుకి దాదాపు రెట్టింపు. చూసినవాళ్ళంతా "భలే కోలుకుందే" అనేవారు. నేనూ పొంగిపోయాను. అది కోలుకోవడం కాదని తరవాత తెలిసింది. వేరు పెద్దది, కొమ్మ చిన్నది కావడం వల్ల ఒక్కో ఆకుకీ నీళ్ళూ ఎరువూ మోతాదు మించి అందుతాయి. అందుకే పెద్దాకు. కోలుకున్నదీ లేనిదీ తేలేది రెండో ఏడూ, మూడో ఏడూ.

2022లో నేను రెండో తప్పు చేశాను. ఆ వేసవి ఇక్కడ మహా ఎండలు. వానల్లేవు. జులైకల్లా చెట్టు ఎదగడం ఆపేసింది. ఆకుల అంచులు మాడాయి. ఆగస్టు 22న డాలస్‌లో ఒక్కసారిగా కుంభవృష్టి కురిసి రోడ్లు మునిగాయి. పది రోజుల్లో చెట్టు మళ్ళీ లేతగా చిగురేసింది. కొమ్మలు అడ్డదిడ్డంగా ఉన్నాయి కదా అని సెప్టెంబరులో కత్తెర పట్టుకుని గుండ్రంగా కత్తిరించాను. కత్తిరించిన చోటల్లా ఇంకా చిగురు. అక్టోబరులో వీధిలో చెట్లన్నీ రంగు మారుతుంటే మాది మాత్రం ఆకుపచ్చగా మిలమిల్లాడుతోంది. ఫోటో తీసి బాపుకి పంపాను. "గిప్పుడెందుకు కోసినవ్?" అని తప్ప ఇంకేమీ అనలేదు. చలికి ముందు చెట్టు కొమ్మని ముదరబెట్టుకోవాలి, ఆకులో ఉన్న సరుకుని లోపలికి లాక్కోవాలి. కత్తెర వేసి నేను దాన్ని ఆ పని మానిపించి కొత్తాకు పనిలో పెట్టాను. మోడు నుంచి వచ్చిన లేత కొమ్మలు మామూలుగానే ఆలస్యంగా నిద్రపోతాయి. పైగా నా సాయం. క్రిస్మస్ ముందు చలిగాలి దిగిన రాత్రి ఆ కొమ్మలన్నీ ఆకులతో సహా మాడిపోయాయి. 2023లో ఆ చెట్టు మళ్ళీ సగం నుంచి మొదలెట్టింది.

కరివేపాకు కథ క్లుప్తంగా. ఆకులన్నీ రాలాక మా ఆవిడ దాన్ని పారేయనివ్వలేదు. ఎక్కడెక్కడో బతిమాలి తెచ్చుకున్న మొక్క అది. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు దీని మీద కూడా బతుకుతుంది కాబట్టి, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మొక్క తేవడానికి నిబంధనలున్నాయి. అందుకని అంత తేలిగ్గా ఇంకోటి దొరకదు. "చలికి అలిగింది, దాని జోలికెళ్ళకండి" అంది. నేను మార్చిలో ఎరువు వేద్దామంటే వెయ్యనివ్వలేదు. నీళ్ళు కూడా వారానికో గ్లాసుడు. అదే రైటు. ఆకులు లేని మొక్క నీళ్ళు లాగదు. తడి మట్టిలో వేరు కుళ్ళుతుంది. రాత్రుళ్ళు కూడా వెచ్చగా ఉండటం మొదలయ్యాక, మే ఆఖర్లో, మట్టిలోంచే రెండు పిలకలొచ్చాయి. ఇప్పుడు మా పప్పులో పడుతున్నది వాటి ఆకే.

ఇప్పుడు నా అభిప్రాయం. చెట్లు చచ్చాయో బతికాయో మనం తప్పు కాలంలో తేలుస్తున్నాం, తప్పు కాలంలో కొడుతున్నాం. దీన్ని మార్చుకోవడానికి ఎవరికీ పైసా ఖర్చు లేదు.

కాలనీ సంఘాల వాళ్ళకి: గట్టి చలి తిన్న ఏడాది, చచ్చిన చెట్ల నోటీసులు జూన్ తరవాతే పంపండి. "విరిగి నెత్తిన పడితే?" అంటారు. నిజమే, పెద్ద చెట్టుకి ఎండిన కొమ్మ రోడ్డు మీదకి వాలి ఉంటే ఆ కొమ్మని రేపే తీయించండి, నేనూ కాదనను. పదడుగుల క్రేప్ మర్టిల్ నెత్తిన పడి పోయేంత అపాయమేం కాదు. దానికి నెల గడువిచ్చి కొట్టించడం చూపుకి బాగోలేదనే తప్ప ఇంకోందుకు కాదు.

ఏటా ఫిబ్రవరిలో క్రేప్ మర్టిల్‌ల తలలు ఒకే ఎత్తులో నరికించే మా వీధివాళ్ళకి: కాలం సరైనదే, కోత తప్పు. కొత్త కొమ్మ మీదే పువ్వు వస్తుంది కాబట్టి చలికాలం చివర కొట్టినా పువ్వు పోదు. కానీ ఏటా అదే చోట మొండిగా నరికితే అక్కడ బుడిపె కట్టి, చీపురులా సన్న కొమ్మలొచ్చి, పూలగుత్తి బరువుకి వంగిపోతాయి. ఇక్కడివాళ్ళే దీనికి క్రేప్ మర్డర్ అని పేరు పెట్టుకున్నారు, అయినా మానరు.

మనూళ్ళో ఉన్నవాళ్ళకి: కరెంటు తీగలకి తగులుతున్నాయని వీధి చెట్లని వానాకాలం ముందు, ఏప్రిల్, మే నెలల్లో కొట్టడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. గాలివానకి ముందు తీగలకి అడ్డు తొలగాలి, ఒప్పుకుంటాను. కానీ ఉగాదికి ఆకు తొడిగిన వేపా కానుగా అప్పటికి గాదె ఖాళీ చేసుకుని ఉంటాయి. అదే పని జనవరి, ఫిబ్రవరిలో, ఆకు రాలే ముందు చేస్తే తీగకీ నష్టం లేదు, చెట్టుకీ నష్టం తక్కువ. పైగా మే నెల నీడ మనకే మిగులుతుంది. ఏ ఇంజనీరు గారైనా ఇది చదివితే, కాదనడానికి కారణం ఉంటే చెప్పండి, నేర్చుకుంటాను.

ఇక మనలాంటి పెరటి రైతులకి మూడే మాటలు. చలి దెబ్బ తిన్న మొక్కని గోటితో గీకండి, పైన కాదు, మొదలు దగ్గర. పచ్చ కనిపిస్తే మే చివరి దాకా ఆగండి. చిగురొచ్చాక ఆ ఏడాదంతా కత్తెర దాచిపెట్టి, వేసవిలో మాత్రం నీళ్ళు మానకండి, గాదె నిండేది అప్పుడే.

మా చెట్టు ఇప్పుడు గుమ్మం ఎత్తు దాటింది. మునుపటిలా ఒకే బోదె లేదు, మొదట్లోంచి అయిదు కొమ్మలుగా లేచింది. డ్రైవ్‌వే పక్కన మాత్రం ఖాళీ. అక్కడ ఇంకేదైనా నాటుదామని మా ఆవిడ ఏటా అంటుంది. నేను ఏటా వాయిదా వేస్తున్నాను. మూడేళ్ళుగా ఏమీ మొలవలేదని తెలుసు. అయినా మే నెలలో ఆ పచ్చిక కోసే ముందు ఒకసారి వంగి చూసుకుంటాను.